హజ్ సంచిలో నేను పెట్టిన నొప్పి బిళ్ళలు

2003 సంవత్సరం చివర, రంజాన్ పండగ వెళ్ళి రెండు వారాలైన రోజుల సంగతి ఇది. కాశీబుగ్గ మెయిన్ రోడ్డులో నాకు మందుల షాపు. అప్పటికి షాపు పెట్టి పద్నాలుగేళ్ళు. పలాస ఎక్కడ అయిపోయి కాశీబుగ్గ ఎక్కడ మొదలవుతుందో కొత్తవాళ్ళకి తెలియదు గాని, రెండూళ్ళ దగ్గూ జలుబూ మాత్రం తిన్నగా నా కౌంటరు దగ్గరికే వచ్చేవి. డాక్టరు దగ్గరికి వెళ్తే పూట పోతుంది. నా దగ్గరైతే నిలబడి చెప్పడం, మందు తీసుకుని వెళ్ళడం.

చీటీ లేకుండా అమ్మకూడని మందులు కొన్ని ఉంటాయి. మా వ్యాపారంలో వాటిని షెడ్యూల్ హెచ్ అంటాం. డబ్బా మీదే రాసి ఉంటుంది. నేను చదువుకున్నవాణ్ణే, తెలిసే ఇచ్చేవాణ్ణి. ఉద్దానం తోటల్లో కొబ్బరికాయలు దింపినవాళ్ళు, రోజంతా చతికిలబడి జీడిపప్పు తొక్క తీసిన ఆడవాళ్ళు, సాయంత్రానికి అందరికీ కావలసింది ఒక్కటే. పెయిన్ కిల్లర్, మావాళ్ళ మాటలో నొప్పి బిళ్ళ. టీ తాగినంత మామూలుగా వేసుకునేవారు. నేనూ అంతే మామూలుగా షీట్లు కత్తిరించి ఇచ్చేవాణ్ణి.

నాకింకో గొప్ప ఉండేది. మా చుట్టుపక్కల ఎవరు హజ్ యాత్రకి వెళ్ళినా ఒక గుడ్డసంచి కట్టి ఊరికే ఇచ్చేవాణ్ణి. జలుబు మందు, విరేచనాల మందు, దూది, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అంటే ఒంట్లో నీరు తగ్గితే కలుపుకుని తాగే ఉప్పూ పంచదారల పొడి, ఇవన్నీ అందులో ఉండేవి. అన్నిటికంటే పైన పది షీట్ల నొప్పి బిళ్ళలు. అక్కడ మైళ్ళకి మైళ్ళు నడవాలి కదా అని. తిరిగొచ్చినవాళ్ళు ఖర్జూరాలు తెచ్చి, నీ సంచి లేకపోతే నడవలేకపోయేవాళ్ళం అనేవారు. పొంగిపోయేవాణ్ణి.

ఆ ఏడాది హజ్‌కి వెళ్ళేవాళ్ళని ఎంచడానికి చీట్లు తీసే డ్రాలో పరుపులు కుట్టే కాసిం బావకీ, ఆయన భార్య జైనబప్పకీ పేర్లొచ్చాయి. వరసలు మేం కలుపుకున్నవే. ఆవిడ నన్ను తమ్ముడా అంటుంది, నేను అప్పా అంటాను. యాభై రెండేళ్ళ మనిషి, ఎప్పుడూ మంచమెక్కి ఎరగదు. బావకే షుగరు. అందుకని మా అందరి బెంగా బావ గురించే. అప్ప పుట్టిల్లు వజ్రపుకొత్తూరు దగ్గర ఉద్దానం పల్లె. ఇరవై ఏళ్ళు జీడిపప్పు పని చేసి మోకాళ్ళు మాత్రం అరిగిపోయాయి. మక్కా వెళ్ళి కాబా చూడాలని పెళ్ళైన కొత్తలో పుట్టిన కోరిక ఆవిడది.

పేరు వచ్చిన వారం నుంచే నడక మొదలుపెట్టింది. టెక్కలిలో ఆవిడ పిన్ని కూతురు రెండేళ్ళ ముందు వెళ్ళొచ్చింది. మక్కాలో ఎండ, జనం, నడక ఎలా ఉంటాయో ఆ చెల్లెలు చెప్పగా విని, ఇక్కడే అలవాటు చేసుకోవాలని అప్ప నిశ్చయించుకుంది. మధ్యాహ్నం నమాజు కాగానే ఎండలో హైవే దాకా వెళ్ళి రావడం. వెనకాల సైకిలు మీద కాసిం బావ. ఆయన గొడుగు విప్పబోతే ఒప్పుకునేది కాదు, అక్కడ గొడుగెవరు పడతారని దెబ్బలాడేది. బజారంతా నవ్వింది. వెళ్ళకముందే హజ్జమ్మ అని పేరు పెట్టేశారు. నేను మాత్రం, అప్పా, అక్కడ బావ నీ వెనకాల పరిగెత్తాల్సిందే అని మెచ్చుకున్నాను.

మోకాళ్ళకి మొదట వారానికో షీటు నొప్పి బిళ్ళలు పట్టుకెళ్ళేది. తర్వాత రెండు. ఒకరోజు పాదాలు వాచాయని చూపించింది. నడక వాపు అప్పా అని చెప్పి, సాగే పట్టీ, అదే క్రేప్ బ్యాండేజీ, కట్టుకోమన్నాను. ఇంకోరోజు పొద్దున్నే వాంతి వచ్చినట్టుంటోంది, నోరు చేదుగా ఉంటోంది అంది. గ్యాస్ అని బిళ్ళలిచ్చాను. రంజాన్ నెలంతా ఉపవాసాలతోనే నడిచింది. నెల చివర మొహం కాస్త ఉబ్బినట్టు కనిపించింది. ఒళ్ళు చేశావు అప్పా అని నేనే వేళాకోళం చేశాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వెళ్ళేముందు మెనింజైటిస్ అనే మెదడు పొరల జబ్బు రాకుండా సూది వేయించుకుని, ఒంట్లో బాగుందని డాక్టరు సంతకం తీసుకోవాలి. మా వీధిలో పెద్ద డాక్టరు గారు షుగరుంది కదా అని బావకి రక్తపరీక్షలు రాశారు. అప్పకి ఏమీ రాయలేదు, రాయాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. నా షాపు పక్కనే సూర్యారావు ల్యాబు. ఇద్దరికీ ఒకే ఫైలు కట్టేస్తే చూడ్డానికి బాగుంటుందని, అప్ప రక్తం కూడా తీసెయ్యమని నేనే చెప్పాను. ఆవిడ ప్రాణం అలా ఫైలు అందం కోసం చేసిన పనిలో నిలబడింది. నా తెలివి ఏమీ లేదు అందులో.

సాయంత్రం రిపోర్టులు వచ్చాయి. క్రియాటినిన్ అని ఒకటుంటుంది. రక్తంలో పేరుకునే చెత్త అది, కిడ్నీలు వడకట్టి బయటికి పంపాలి. ఒకటికి అటూ ఇటూ ఉండాలి. కాసిం బావకి ఒకటి పాయింట్ ఒకటి. జైనబప్పకి ఆరు పాయింట్ రెండు.

నాకు కోపం ముక్కు మీదుంటుంది. ల్యాబులోకి వెళ్ళి సూర్యారావుని నలుగురి ముందూ కడిగేశాను. ఎవరి రక్తమో ఎవరికో అంటగట్టావు, హజ్ వెళ్ళే వాళ్ళ కాగితాలతో ఆటలా అని నోటికొచ్చినట్టు తిట్టాను. అతను నెమ్మదస్తుడు. మర్నాడు పొద్దున్నే అప్పని పిలిపించి, నా కళ్ళ ముందే రక్తం తీసి, సీసా మీద పేరు నాచేతే రాయించాడు. రెండు గంటల తర్వాత కాగితం పట్టుకుని తనే వచ్చాడు.

"ఆరు పాయింట్ నాలుగు," అన్నాడు. "నిన్నటికంటే పెరిగింది."

కాగితం తీసుకుని ఆ అంకె నేనే ఇంకోసారి చదివాను. ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బు అనే మాట అప్పటికే వినిపిస్తోంది. విశాఖపట్నం తీసుకెళ్ళారు, ఇంటికి పంపేశారు అని చెప్పుకునేవారు. కాని వాళ్ళెవరో. ఈవిడ రోజూ నా షాపు ముందు నుంచి నడుచుకుంటూ వెళ్ళే మనిషి.

డాక్టరు గారి గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఆయన కాగితం రెండుసార్లు చూసి, పుట్టిల్లు ఎక్కడని అడిగి, విని పెన్ను కింద పెట్టారు. తర్వాత రోజుకి నీళ్ళెన్ని తాగుతావమ్మా అని అడిగారు. జైనబప్ప మొహం విప్పారింది. ఎవరైనా అడుగుతారా అని మూడు నెలలుగా కాచుకుని ఉన్నట్టుగా చెప్పింది.

"ఒక్క సెంబే బాబూ. తెల్లారి బిళ్ళేసుకున్నప్పుడు సగం, రేత్రి సగం. మొదట్ల నోరు పిడసగట్టుకుపోయీది, ఇప్పుడలవాటైపోనాది. రోజుకి ఒక్కసారే ఒంటికెల్తన్నాను. అక్కడ మినాలో ఆడోల్ల లైను గంట ఉంటదంట. నా వల్ల ఎవులికీ ఇబ్బంది రాకూడదనీసి మూడు నెల్ల నుండి సాధన సేత్తన్నాను."

మినా అంటే యాత్రికులంతా గుడారాల్లో ఉండే చోటు. లక్షల మందికి మరుగుదొడ్లు చాలవని టెక్కలి చెల్లెలు చెప్పిందట. రంజాన్ ఉపవాసాలు చిన్నప్పటి నుంచీ అలవాటే కదా, సూర్యాస్తమయం తర్వాత కూడా ఆ ఉపవాసాన్నే ఇంకొంచెం సాగదీసుకుంది ఆవిడ. కాసిం బావకి ఈ సంగతే తెలియదు. మేమిద్దరం మెచ్చుకుంటామని ఆవిడ మా మొహాలకేసి చూసింది.

డాక్టరు గారు బిళ్ళ ఏమిటని అడిగారు. అప్ప చేతిసంచిలోంచి షీటు తీసి బల్ల మీద పెట్టి, నన్ను చూపించింది.

"మా తమ్ముడిచ్చినవే బాబూ. రోజుకి రెండు. నడక ఎక్కువైన రోజు మూడు."

ఆ క్షణం నాకు భూమి చీలి లోపలికి వెళ్ళిపోతే బాగుండుననిపించింది. డాక్టరు గారు షీటు తిప్పి చూసి, కళ్ళద్దాల మీదుగా నన్ను చూసి, నువ్వేనా అన్నారు. అవునండి అన్నాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. మెల్లగా విడమరిచి చెప్పారు. ఒంట్లో నీళ్ళు తక్కువైనప్పుడు కిడ్నీలు ఉన్న కాస్త రక్తంతోనే తంటాలు పడతాయి, ఈ బిళ్ళలు ఆ కాస్తా అందకుండా చేస్తాయి, పైన ఎండ. లోపల పాత జబ్బు కూడా ఉందేమో, మన ప్రాంతం సంగతి ఎవరు చెప్పగలరు అన్నారు. వాపు, వాంతి, నోటి చేదు, అన్నీ ఆ జబ్బు లక్షణాలే. ఒక్కొక్కటీ ఆవిడ నాకు చెప్పింది. ఒక్కొక్కదానికీ నేను ఒక మందిచ్చి పంపాను.

జైనబప్పకి ఇదంతా ఎంత అర్థమయిందో తెలియదు. అంతా విని ఒక్కటే అడిగింది.

"అయితే సంతకం ఎట్టరా బాబూ?"

"సంతకం తర్వాతమ్మా. ఈ పూటే విశాఖపట్నం వెళ్ళాలి," అన్నారాయన.

మధ్యాహ్నం రైలుకి ముగ్గురం బయల్దేరాం. రైలు కోటబొమ్మాళి దాటింది. అప్పుడు కాసిం బావ, తనలో తనే అనుకుంటున్నట్టు, మూడు నెలలు వెనకాలే సైకిలు తొక్కాను, కనిపెట్టలేకపోయాను అన్నాడు.

పెద్దాసుపత్రిలో మూడుసార్లు డయాలిసిస్ చేశారు, అంటే కిడ్నీ చేయాల్సిన పనిని మిషను చేత చేయించడం. రక్తం గొట్టంలో బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి పోతుంటే చూడలేకపోయాను. అప్ప రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు బావ భోజనానికి వెళ్ళినప్పుడు నన్ను దగ్గరికి రమ్మంది.

"వాంతొత్తందనీసి సెప్పినాను. కాళ్ళు సూపించినాను. నీకు తెల్దా తమ్ముడా?"

"తెలీలేదప్పా," అన్నాను.

"తెల్దనీసి సెప్పీవచ్చు గదా. బిళ్ళెందుకిచ్చినావు?"

పద్నాలుగేళ్ళలో నా కౌంటరు దగ్గర ఎవరూ అడగని ప్రశ్న అది. ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు, అటు తిరిగి పడుకుంది.

దేవుడి దయ, డాక్టర్ల దయ, నీళ్ళు మొదలుపెట్టి బిళ్ళలు మానేశాక కిడ్నీలు కొంత తేరుకున్నాయి. మిషను అవసరం తప్పింది. కాని క్రియాటినిన్ రెండు దగ్గరికి వచ్చి అక్కడ ఆగిపోయింది, మళ్ళీ ఒకటికి దిగలేదు. ఎంత నష్టం బిళ్ళల వల్ల, ఎంత నీళ్ళు మానడం వల్ల, ఎంత ఎప్పటి నుంచో లోపల ఉన్నది, ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. ఆ ఏడాది హజ్ యాత్రికులు వెళ్ళారు, వచ్చారు. ఆవిడ లేకుండా వెళ్ళనని బావ కూడా మానుకున్నాడు. వెళ్ళొచ్చినవాళ్ళు ఇచ్చిన మక్కా జంజం బావి నీళ్ళు ఆ ఇంట్లో చిన్న సీసాలో ఉండేవి.

నేను షాపులో నొప్పి బిళ్ళలు కౌంటరు కింద నుంచి తీసి వెనక బీరువాలో పెట్టాను. చీటీ లేనిదే ఇవ్వను. వాపు అన్నా, వాంతి అన్నా, నాకు తెలియదు, డాక్టరు దగ్గరికి వెళ్ళు అంటాను. మొదట్లో ఆ మాట గొంతు దాటేది కాదు. కొందరు కోపం వచ్చి పక్క షాపుకి వెళ్ళిపోయారు, నేనూ నోరు పారేసుకున్నాను. హజ్ వెళ్ళేవాళ్ళెవరైనా వస్తే మాత్రం రోజుకి ఎన్నిసార్లు ఒంటికి వెళ్తున్నారని ముందు అడుగుతాను. ఆడవాళ్ళయితే మా ఆవిడ చేత అడిగిస్తాను. ఇదేం ప్రశ్న అని నవ్వుకునేవారు నవ్వుకుంటారు.

మూడేళ్ళకి, 2006 చివర, విశాఖపట్నంలో కిడ్నీ డాక్టరు గారు షరతుల మీద ఒప్పుకున్నారు. ఎండ వేళ గుడారం దాటకూడదు, గొడుగు పట్టుకోవాలి, కాళ్ళు లాగితే చక్రాల కుర్చీ ఎక్కాలి, నొప్పి బిళ్ళ ముట్టకూడదు, ఇన్ని నీళ్ళు తాగాలి. నేను మళ్ళీ సంచి కట్టాను. జైనబప్ప దాన్ని నా కౌంటరు మీద బోర్లించి, ఒక్కొక్కటీ ఏమిటో అడిగి, అప్పుడు లోపల పెట్టుకుంది. నాకు కష్టం అనిపించలేదు. సంచిలో ఒక నీళ్ళ సీసా, దాని మీద మా ఆవిడ గోళ్ళ రంగుతో ఎర్రగా నాలుగు గీతలు గీసింది. ఒక్కో గీత ఏ నమాజు లోపల తాగాలో అప్పకి బట్టీ పట్టించాను.

వెళ్ళి, వచ్చింది. వచ్చిన మూడో రోజు రక్తపరీక్ష చేయించుకుంది. సూర్యారావు కాగితం తెచ్చి, ఎప్పటిదే, రెండు పాయింట్ రెండు అన్నాడు. అప్ప షాపులోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఖర్జూరాలు తెచ్చింది గాని ఇంకా ఇవ్వలేదు. సీసా ఒళ్ళో పెట్టుకుంది, గీతలు సగం చెరిగిపోయాయి.

"లైను గంట కాదు తమ్ముడా, ఒకసారి గంటన్నర. నిలబడ్డాను. ముందునోల్లు, ఎనకనోల్లు, అందరూ నిలబడ్డారు. ఎవులూ ఏటీ అన్లేదు."

సీసా మీద చెరిగిన గీతల్ని వేలితో తడిమింది.

"దాని కోసమా తమ్ముడా, నానింత సేసుకున్నాను?"

మూడేళ్ళుగా చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట అప్పుడు నా నోటికి వచ్చింది.

"నువ్వొక్కదానివే చేసుకోలేదప్పా. ఇద్దరం చేశాం," అన్నాను.

ఆవిడ ఖాళీ సీసా నా ముందుకి తోసి, నింపమంది. కుండలోంచి మూతి దాకా నింపి ఇచ్చాను. అక్కడే కూర్చుని మొదటి గీత దాకా తాగింది.