ఎవరూ లేరని ఊరంతా పాడిన మధ్యాహ్నం

స్వీడన్ పాటల పిచ్చి నాకు కాలేజీ హాస్టల్లో పట్టుకుంది. పక్క మంచం స్నేహితురాలు ఓ పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, "విను, ఏడుపొస్తే నన్ననకు" అంది. ఆ దేశంలో చలికాలం మధ్యాహ్నానికే చీకటి పడుతుందట. అందుకేనేమో అక్కడి ఇండీ బ్యాండ్లకి, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా పాటలు కట్టుకునే బృందాలకి, ఒక విచిత్రమైన అలవాటు ఉంటుంది. బాణీ హుషారుగా నడుస్తుంది, మాటలు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ దాని వెనకాల వస్తుంటాయి. ఇంకొన్ని పాటల్లో ఆ హుషారు కూడా ఉండదు. ఒక వాక్యం పాడి ఊరుకుంటారు. వెనక గిటారు తీగ ఒక్కటే సన్నగా మోగుతుంటుంది. కాసేపటికి ఇంకో వాక్యం. నన్నడిగితే ఆ మధ్యలో ఖాళీయే అసలు పాట. విజయవాడ ఎండల్లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇవి వింటుంటే మా ఆయన "మొదలైందా నీ మంచు ఏడుపు" అంటారు. అంటే అన్నారు. నా అభిరుచి మీద నాకు గట్టి నమ్మకం.

ఈ ప్రయాణం మొదలైంది ఒక వీడియో వల్ల. కొబ్బరితోటలో ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్ళో కీబోర్డు, పాడుతున్నది ముప్ఫై దాటిన ఒక అమ్మాయి. మాటలు తెలుగు. పాట కట్టిన తీరు మాత్రం నిఖార్సైన స్వీడన్ దిగులే: ఒక వాక్యం, ఒక ఖాళీ, మళ్ళీ ఒక వాక్యం. చూసినవాళ్ళు వందమంది కూడా లేరు. నేను వెంటనే సందేశం పెట్టాను. ఆ అమ్మాయి పేరు కరుణ. ఊరు పి.గన్నవరం దాటాక రాజోలు వెళ్ళే దారిలో. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, ఊళ్ళో చర్చి పాటల బృందంలో సభ్యురాలు. అంతకుముందు నాలుగేళ్ళు కువైట్‌లో పనిచేసింది. ఈ పాటలు అక్కడే అలవాటయ్యాయట. నెల రోజులు ఫోన్లో మాట్లాడుకున్నాక ఒకరోజు, "శుభ శుక్రవారం నాడు నా పాట పాడుతున్నానక్కా, పెద్ద పరీక్ష. మీరు రావాలండీ" అంది. రానంటానా?

ఆ రోజు సంగతి తెలియనివారికి రెండు మాటలు. శుభ శుక్రవారం నాడు అక్కడి చర్చిల్లో పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన జరుగుతుంది. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఒక్కొక్కరు ముగించగానే ఒక పాట ఉంటుంది. అందులో నాలుగో మాట, నన్నెందుకు విడిచిపెట్టావన్న మాట. ఆ మాట తర్వాతి పాటే కరుణకి ఇచ్చారు. ఒంటరితనం మీద స్వీడన్ తరహా పాటకి ఇంతకన్నా తగిన చోటు ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదని నాకు అనిపించింది.

విజయవాడలో తెల్లవారుజామున అయిదింటి బస్సెక్కితే తొమ్మిదిలోపు రావులపాలెంలో దిగవచ్చు. టిక్కెట్టు మూడు వందల లోపే. అక్కడ అరటిగెలల లారీల మధ్య నుంచి దారి చేసుకుంటూ వెళ్ళి, ఓ బండి దగ్గర నాలుగు ఇడ్లీలు తిని, అరడజను చక్కెరకేళి పళ్ళు సంచిలో వేసుకున్నాను. రాజోలు బస్సు పావుగంటకే వచ్చింది. కొత్తపేట దాటాక రోడ్డుకి రెండు పక్కలా తోటలే. పి.గన్నవరంలో అక్విడెక్టు దగ్గర కుడివైపు కిటికీ సీటు దొరికితే వదలకండి. కింద గోదావరి పాయ, పైన కాలువ. నదిమీద నుంచి నీళ్ళు నడిచి వెళ్ళడం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. అదయ్యాక స్టాపులో దిగి ఆటో మాట్లాడుకున్నాను. నూట యాభై అన్నాడు. సెలవు రోజు కదా అని బేరం ఆడలేదు.

ఆటో అతని పేరు సూరిబాబు. మీసాలు నెరిశాయి గానీ మనిషి హుషారు. అద్దంలో నా చెవుల వంక చూసి, "ఏం పాటలండీ అవి, మేడమ్ గారూ?" అన్నాడు. స్వీడన్ పాటలన్నాను. ఆటో పక్కకి ఆపి మరీ ఒక ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు. శ్రద్ధగా విని, "పాడే ఆయనకి ఒంట్లో బాగోలేదాండీ?" అన్నాడు.

"బాగానే ఉందండీ. దిగులు పాట."

"మరి మధ్యలో ఆగిపోయేడేంటండీ? సిగ్నల్ పోయిందా?"

"లేదండీ. అక్కడ ఆగడంలోనే ఉంది పాటంతా."

"ఆయ్," అన్నాడు సూరిబాబు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదలో నమ్మకం వీసమెత్తు కూడా లేదు.

చర్చి చిన్నదే. సున్నం కొత్తగా వేశారు. ముందు కొబ్బరాకుల పందిరి, పందిరి గుంజకి లౌడ్‌స్పీకరు. కరుణ తెల్లచీరలో గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఫోన్లో మాట్లాడినంత ధైర్యం మొహంలో కనబడలేదు. పక్కన సంఘపెద్ద ఆనందరావు మాస్టారు ఉన్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పరీక్ష పెట్టింది ఆయనే. విషయం నాకు విడమరిచి చెప్పారు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ పాతపాటలే పాడుతున్నారు. ఈ అమ్మాయి కొత్తగా కట్టిన పాట ఈరోజు సంఘం మనసుకి ఎక్కితే, ఈస్టరు నుంచి పాటల బృందం ఆమె చేతికి ఇస్తారు. ఎక్కకపోతే హార్మోనియం, పాతపాటలు, అంతే.

"ఎక్కిందో లేదో మీకెలా తెలుస్తుందండీ? ఈరోజు చప్పట్లు కూడా కొట్టరు కదా," అన్నాను.

"మావాళ్ళు చప్పట్లు ఏ రోజూ కొట్టరండీ," అన్నారు మాస్టారు. "నచ్చితే అందుకుంటారు."

అందుకోవడమంటే ఆ ప్రాంతపు చర్చిల్లో పాత పద్ధతి. ముందు ఒకరు ఒక వరుస పాడతారు, సంఘమంతా అదే వరుసని తిరిగి పాడుతుంది. పాటల పుస్తకం చూడని పెద్దవాళ్ళు కూడా అలా పాడగలిగేది ఇందువల్లే. స్వీడన్ తరహా పాటలో వరుసకీ వరుసకీ మధ్య ఉండేది ఖాళీ కదా, అందులో ఎవరైనా అందుకుంటే ఇంకేం మిగులుతుంది?

ఆ మాటే కరుణతో అంటే, "అదే నా భయమూ అక్కా," అంది. "అందుకే పోయిన ఆదివారం అందరికీ చెప్పేను. ఈ పాట ఎవరూ అందుకోవద్దండీ, కళ్ళు మూసుకుని వినండి చాలు అని. అందరూ ఆయ్ అన్నారు."

సూరిబాబు ఆయ్ నాకు గుర్తొచ్చింది. కరుణ గుమ్మం పక్కకి నన్ను తీసుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది. "కువైట్‌లో డ్యూటీ దిగి గదికొచ్చేక తలుపేసుకుని ఈ పాటలే వినేదాన్ని. మెల్లిగా నేనూ కట్టుకుని పాడుకునేదాన్ని. వినేవాళ్ళు లేరు. ఇక్కడ మనవాళ్ళ ముందు ఒక్కసారి పాడాలని నాలుగేళ్ళు అనుకున్నానండీ. ఇది కుదరకపోతే మళ్ళీ తలుపేసుకుని పాడుకోవడమే." ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళు తడిశాయి. నాకూ తడిశాయి, దాచుకోను. "ఆ ఖాళీల్ని మాత్రం ముట్టుకోకు. ఏమైనా సరే," అని చెప్పాను. ఇరవై ఏళ్ళ శ్రోతని, ఆ మాత్రం అధికారం నాకుందనుకున్నాను.

పన్నెండుకి మొదలైంది. తెల్లబట్టల్లో మనుషులు కిక్కిరిసి కూర్చున్నారు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, కింద చాపలు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలు ధారలు కడుతున్నాయి. నేను ఆడవాళ్ళ వైపు ముందు వరుసలో ఒక మామ్మగారి పక్కన కూర్చున్నాను. చేతిలో విసనకర్ర, ముక్కుమీద లావాటి కళ్ళద్దాలు. తనకి విసురుకుంటూ మధ్యమధ్య నాకూ ఓ రెండు విసుర్లు విసిరేవారు. మొదటి మూడు మాటలకీ పాతపాటలు పాడారు. ప్రతి వరుసనీ మొట్టమొదట అందుకునేది ఈ మామ్మగారే. ఆవిడ గొంతు లేచిందంటే వెనక సంఘమంతా లేస్తుంది. నాకు కంగారు పెరిగింది.

నాలుగో మాట అయింది. కరుణ కీబోర్డు ముందు కూర్చుంది. ఒక స్వరం నొక్కి పట్టుకుని మొదలుపెట్టింది.

"గడియ పెట్టని తలుపు నాది, తట్టే చెయ్యి లేదు."

ఆగింది. ఫ్యాన్ల చప్పుడు. ఆ ఒక్క స్వరం. ఎవరూ కదల్లేదు. సరిగ్గా నేను కోరుకున్న ఖాళీ. కోనసీమలో, ఏప్రిల్ ఎండలో, ఆ చాప మీద కూర్చుని నాకు చలి పుట్టింది.

"పేరు పెట్టి పిలిచేవారు ఎవరూ లేరు, ఎవరూ లేరు."

మళ్ళీ ఆగింది. నా పక్కన విసనకర్ర ఆగిపోయింది. మామ్మగారు కళ్ళు మూసుకుని, పాతపాటలు పాడే సాగదీతతో, "ఎవరూ లేరూ... ఎవరూ లేరూ..." అని అందుకున్నారు. ఆవిడ వెనక ఆడవాళ్ళందరూ అందుకున్నారు. ఆ తర్వాత మగవాళ్ళు. చర్చి నిండిపోయింది.

నేను తల అడ్డంగా ఊపాను, వద్దు వద్దు అన్నట్టు. కరుణ నా వంక చూసింది. ఆమె మొహం తెల్లబోయింది. తర్వాతి వరుస గబగబా ఎత్తుకుని వాళ్ళకంటే ముందే ఖాళీలోకి వెళ్ళాలని చూసింది. లాభం లేదు. అడుగు వెనకే అడుగు వేస్తూ వాళ్ళూ వచ్చేశారు. అప్పుడు ఆమె మామ్మగారి వైపు చూసింది. ఆవిడ కళ్ళద్దాల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు, పాడుతున్నారు. కరుణ రెండు చేతులూ కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. మిగతా పాట వాద్యం లేకుండానే నడిచింది. ఆమె ఒక వరుస పాడి ఆగేది, ఆ ఖాళీ మొత్తం వాళ్ళకి ఇచ్చేసేది. చివరి చరణంలో "ఎవరూ లేరు" అని ఆమె అంటే, భుజానికి భుజం ఆనుకుని కూర్చున్న అంతమందీ ఒక్క గొంతుతో "ఎవరూ లేరు" అన్నారు. నేనూ అన్నాను. ఎప్పుడు మొదలుపెట్టానో నాకు తెలియదు.

పాట అయ్యాక మాస్టారు లేచి, గొంతు సవరించుకుని, అయిదో మాట చెప్పేవారిని పిలిచారు.

మూడింటికి ఆరాధన ముగిసింది. పందిరి కింద అందరికీ మజ్జిగ పోస్తున్నారు. పొద్దుటి నుంచి ఉపవాసం ఉన్నవాళ్ళు గ్లాసు మీద గ్లాసు తాగుతున్నారు. కరుణ నా దగ్గరికి విసవిసా వచ్చింది. "చూసేరా అక్కా? వద్దని అంతలా చెప్పేను. ఆయ్ అన్నారు కదండీ అందరూ!" కోపమో ఏడుపో తనకే తెలియడం లేదు. నేను తల దించుకున్నాను. నేను కూడా పాడాను మరి.

మామ్మగారు విసనకర్రతో జనాన్ని తోసుకుంటూ వచ్చారు. "అమ్మాయ్, ఆ మూడో చరణం ఇంకోసారి చెప్పమ్మా. నాకు సరిగ్గా పట్టుబడలేదు."

"అందుకోవద్దని చెప్పేను కదా మామ్మగారూ," అంది కరుణ. "ఎవరి మటుకు వాళ్ళు వినాల్సిన పాటండీ అది."

మామ్మగారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "అదేంటమ్మా? అక్కడ కూచుని ఎవరూ లేరు, ఎవరూ లేరు అని నువ్వు అంటుంటే, ఇంతమందిమి నోరు మూసుకుని ఎలా కూచుంటామమ్మా?"

కరుణ ఆవిడ భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. మామ్మగారు ఆమెకి విసురుతూ అలాగే నిలబడ్డారు. ఇంతలో మాస్టారు మజ్జిగ గ్లాసుతో వచ్చి, "ఎల్లుండే ఈస్టరు కదా, పాట ఎప్పుడు నేర్పుతావమ్మా?" అన్నారు. "ఆగే చోట్లు మాత్రం తీసెయ్యకు. మావాళ్ళకి అవే బాగా నచ్చేయి."

పందిరి బయట సూరిబాబు ఆటో పెట్టుకుని లౌడ్‌స్పీకరు నీడన కూర్చుని ఉన్నాడు. ఆరాధన అయ్యేదాకా ఉండమని నేను చెప్పలేదు. "పాట వింటూ ఉండిపోయేనండీ," అన్నాడు. దారిపొడుగునా అదే కూనిరాగం తీశాడు. ఒక వరుస పాడి ఆగుతాడు, నేను అందుకునేదాకా తర్వాతి వరుస ఎత్తుకోడు.

రావులపాలెంలో విజయవాడ బస్సెక్కి, పొద్దువాలుతుండగా నా స్వీడన్ పాటలు మళ్ళీ పెట్టుకున్నాను. అవి నాకు ఇప్పటికీ ప్రాణమే. ఒంటరి గదిలో కూర్చుని నిజాయితీగా దిగులుపడటం వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిందే. ఆ గదే లేకపోతే కరుణ పాటే పుట్టేది కాదు. కానీ పాడే మనిషి ఒక వాక్యం అని ఆగినప్పుడల్లా ఆ ఖాళీలో విసనకర్ర చప్పుడు వినబడుతోంది, మామ్మగారు గొంతు ఎత్తబోతున్నట్టు అనిపిస్తోంది. స్వీడన్లో ఎక్కడో మంచులో కూర్చుని పాడుతున్న ఆ మనిషికి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

వెళ్ళాలనుకునేవారికి ఒక్క సలహా. తిరుగు ఆటో ముందే మాట్లాడుకోండి, నీళ్ళసీసా దగ్గర పెట్టుకోండి, పదకొండున్నరకల్లా లోపల ఉండండి అని ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ముందు వరుసలో చోటు చూసుకోమని. మీకు పాట రాకపోయినా ఫరవాలేదు, పక్కన మామ్మగారు ఉంటారు.