మావయ్య పేరున ఉన్న కారు

కారు కొన్నది నేను. కారున్నవాడు మాత్రం మా మావయ్య. రెండేళ్ళపాటు ఈ రెండూ నిజాలే. మధ్యలో ఒక మనిషి నలిగిపోతున్నాడని తెలిసి కూడా నేను హాయిగా ఏసీ వేసుకుని, బెంజి సర్కిల్ మీదుగా ప్రైవేటు కాలేజీకి వెళ్ళి పాఠాలు చెప్పొచ్చాను. ఈ సంగతి ఎవరైనా అడిగితే చెప్పే మొహం నాకు లేదు. అడగకముందే రాసేస్తే నయమనిపించింది.

మావయ్య మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. కూచిపూడి దాటాక ఉన్న ఒక చేనేత ఊళ్ళో నాలుగు మగ్గాలు ఆడించినవాడు. బాగున్న రోజుల్లో చీరల మూటలు బెజవాడ షాపులకి తెచ్చుకోవడానికి కారు కొన్నాడు. "మూటతో బస్సెక్కితే కండక్టరు కసురుతున్నాడురా" అనేవాడు. కొన్న ఏడాదే ఆయన బియ్యం కార్డు పోయింది. నాలుగు చక్రాల బండి ఉన్న ఇంటికి ఆ కార్డు ఉండదు. "పోతే పోయిందిలే, కారున్నోడికి రూపాయి బియ్యమెందుకు" అని నవ్వేశాడు. తరవాత షాపులవాళ్ళు మరమగ్గం చీరలకి మరిగారు. నాలుగు మగ్గాల్లో మూడు ఆగిపోయాయి. కారు తీసేస్తానని అమ్మకి ఫోన్ చేశాడు. నేను తీసుకుంటానన్నాను.

మా ఇళ్ళల్లో మేనమామ మేనల్లుడికి పెడతాడు గానీ అమ్మడు. అందుకని బేరం అన్న మాటే లేదు. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ బండి చూసి ఒక ధర చెప్పాడు. అమ్మ ఆ డబ్బు పళ్ళెంలో ఆకువక్కలతో కలిపి పెట్టి అత్తయ్య చేతికిచ్చింది. అంతసేపూ మావయ్య అటు తిరిగి గోడమీద కేలండర్ చూస్తూ నిలబడ్డాడు. రసీదు లేదు, అమ్మకం కాయితం లేదు. రాయమంటే అవమానం చేసినట్టు. బండి పేరు మార్పుకి పెట్టే ఫారం ఇరవై తొమ్మిది, ఫారం ముప్ఫై మీద మాత్రం నేను వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాడు.

వెళ్ళేముందు గుమ్మం దగ్గర నా భుజం మీద చెయ్యేశాడు.

"అల్లుడూ, పేరు మాత్రం తొందరగా మార్పించెయ్యరా. యాభై దాటిన నేతపనోళ్ళకి పింఛనిస్తన్నారు. నా పేరున కారుంటే కార్డు రాదు, కార్డు లేకపోతే పింఛను రాదు."

"వారంలో అయిపోతుంది మావయ్యా" అన్నాను.

ఆ వారంలోనే ఆర్టీవో ఆఫీసు ఏజెంటు దగ్గరికి వెళ్ళాను కూడా. అతను మంచివాడే. "లైఫ్ ట్యాక్సు కొత్తప్పుడే కట్టేశారు కదండీ, మళ్ళీ కట్టక్కర్లేదు. పేరు మార్పు ఫీజు కట్టాలి, ఇన్సూరెన్సు మీ పేరుకి మార్చుకోవాలి. చుట్టాలైనా అమ్మకం అమ్మకమేనండి, పద్నాలుగు రోజుల్లో పెట్టెయ్యాలి" అని చెప్పాడు. తరవాత ఫారాలు సర్దుతూ మామూలుగా అడిగాడు. "మీ ఇంట్లో బియ్యం కార్డు మీద ఎవరికన్నా పింఛనొస్తందాండీ? కారు మీ పేరున పడితే ఎగిరిపోద్ది మరి. చూసుకోండి."

అమ్మకి వస్తోంది. నాన్న పోయిన దగ్గర్నుంచీ వితంతు పింఛను. ఒకటో తారీకు పొద్దున్నే మా వార్డు సచివాలయం అమ్మాయి ఇంటికొచ్చి, వేలిముద్ర వేయించుకుని, చేతిలో పెట్టి వెళ్తుంది. ఆ పూట అమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది. నేను ఫారాలు వెనక్కి తీసుకుని ఇంటికొచ్చి బీరువాలో బట్టల కింద పెట్టేశాను.

అమ్మ కోసమే కదా అనుకున్నాను. ఎంత చక్కటి సాకు దొరికిందో. అమ్మ మందులు, పాలు, ఆకుకూరలు ఆ పింఛనుతోనే వెళ్ళిపోయేవి. అది ఆగితే నా జీతంలోంచి తియ్యాలి. నాకున్న బాధల్లా అదీ. ఇవాళ సిగ్గులేకుండా రాస్తున్నాను గానీ, అప్పుడు నాతో నేను కూడా ఈ మాట అనుకోలేదు.

మావయ్య నెలకోసారి ఫోన్ చేసేవాడు. బండి ఎలా నడుస్తోంది, ఆయిల్ మార్పించావా, వెనక టైరు కాస్త చూసుకో. అన్నీ అయ్యాక, పెట్టెయ్యబోతూ, "ఆ పేరు సంగతి ఏమన్నా..." అనేవాడు. సర్వర్ పనిచెయ్యట్లేదన్నాను. ఎన్నికలొచ్చాయన్నాను. ఏజెంటు తిరుపతి వెళ్ళాడన్నాను. ఆ ఏజెంటు నా నోటి పుణ్యమా అని మూడుసార్లు కొండెక్కాడు. మావయ్య ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. గట్టిగా అడిగితే అక్క చెవిన పడుతుంది, మేనల్లుడి మీద చాడీలు చెప్పినట్టవుతుందని ఆయన మొహమాటం. ఆ మొహమాటాన్నే నేను రెండేళ్ళు వాడుకున్నాను.

రెండో ఏడు వానాకాలంలో అత్తయ్య ఫోన్ చేసింది. మావయ్యకి పక్షవాతం, కుడివైపు పడిపోయిందట. ఆ కారులోనే వెళ్ళాను. ఆసుపత్రి వరండాలో అత్తయ్య బల్లమీద కూర్చుని ఉంది. ఏడవలేదు.

"బీపీ మాత్ర రోజు మార్చి రోజు ఏసుకున్నారు బాబూ. పింఛనొచ్చాక రోజూ ఏసుకుంటాలే అనేవోరు" అంది.

నేను బయటికొచ్చి జేబురుమాలుతో కారు అద్దం తుడిచాను. అది శుభ్రంగానే ఉంది.

మావయ్య ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అత్తయ్యే వాళ్ళ ఊరి సచివాలయానికి వెళ్ళింది. అక్కడి అమ్మాయి కంప్యూటరు చూసి, "మీ ఆయన పేరున కారుంది కదమ్మా" అంది. అమ్మేశామంది అత్తయ్య. ఎవరికి? మేనల్లుడికి. కాయితమేదమ్మా అని అడిగింది ఆ అమ్మాయి. ఆకువక్కల్లో పెట్టిచ్చిన డబ్బుకి కాయితం ఎక్కడి నుంచి తెస్తుంది?

అప్పుడు ఆర్టీవో ఆఫీసుకి పరిగెత్తాను. బీరువాలో ఫారాలు ఇక పనికిరావన్నారు. అమ్మినాయన స్వయంగా వచ్చి వేలిముద్ర వెయ్యాలన్నారు. మావయ్యని కారు వెనక సీట్లో దిళ్ళు పెట్టి కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాను. అత్తయ్య పక్కన పట్టుకుని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన తల అటూ ఇటూ వాలేది. ఆఫీసులో కుడిచెయ్యి లేవలేదు. ఎడమచేతి వేళ్ళు నలభై ఏళ్ళు నూలు లాగి లాగి అరిగిపోయినవి, మిషను పట్టలేదు. "ఇంకోసారి పెట్టండి పెద్దాయనా" అని ఆ గుమాస్తా ఓపిగ్గానే అన్నాడు. తడి చేశాం, తుడిచాం, చీర చెంగుతో రుద్దాం. ఎన్నోసారికో పట్టింది. ఆలస్యానికి జరిమానా కట్టి నేను సంతకం పెట్టాను.

తిరిగి వెళ్తుంటే కంకిపాడు దగ్గర మావయ్య ఏదో అన్నాడు. మాట ముద్దగా వచ్చింది, నాకర్థం కాలేదు. అత్తయ్య చెప్పింది. "మీ అమ్మకి చెప్పొద్దంటున్నారు. బాధపడుద్దంట."

నాకు దుఃఖం ఆగలేదు. బండి పక్కకి ఆపుకున్నాను. నాలుగు తిట్టినా బాగుండేది ఆయన.

అమ్మకి నేను చెప్పనక్కర్లేకపోయింది. రెండు నెలలకి ఆమె పింఛను ఆగింది, ఎందుకు ఆగిందో సచివాలయం అమ్మాయే చెప్పింది. సాయంత్రం నేను రాగానే అమ్మ అడిగింది.

"కారు నీ పేరున ఇప్పుడు మార్చావా? మరి రెండేళ్ళూ ఎవరి పేరున ఉందిరా?"

"నీ పింఛను పోతుందని..."

"నా మీద పెట్టకు. నన్నడిగావా?"

అడగలేదు. అడిగితే ఏమంటుందో నాకు తెలుసు, అందుకే అడగలేదు. ఆ రోజు నుంచి అమ్మ ఆ కారెక్కలేదు. తమ్ముణ్ణి చూడ్డానికి మోకాళ్ళ నొప్పులతో బస్సులోనే వెళ్ళొచ్చేది.

కారు మావయ్య పేరు మీంచి పోయింది గానీ, ఆ సంగతి అన్ని కంప్యూటర్లకీ ఎక్కాలి. తరవాత కార్డుకి దరఖాస్తు, దాని మీద విచారణ, ఆపైన పింఛనుకి దరఖాస్తు, కొత్త జాబితా. అత్తయ్య తిరుగుతూనే ఉంది. అక్కడివాళ్ళ తప్పేం లేదు, ఎవరి వరస వాళ్ళది. రెండేళ్ళ కింద నేను ఆ ఫారాలు ఇచ్చి ఉంటే మావయ్య వరస ఎప్పుడో వచ్చేది. మాఘమాసంలో మళ్ళీ పక్షవాతం వచ్చి మావయ్య పోయాడు. కార్డు రాలేదు, పింఛనూ రాలేదు.

పదకొండోరోజు భోజనాలయ్యాక అత్తయ్య నన్ను మగ్గాల గదిలోకి పిలిచింది.

"ఒక మాట అడుగుతాను బాబూ, ఏమనుకోవుగా?"

"అడగండి అత్తయ్యా."

"కారు మీ మావయ్య పేరున ఇంకెక్కడా లేదుగా?"

"లేదత్తయ్యా. నా పేరునే ఉంది."

"సచివాలయంలో నాకు వితంతు పింఛను రాస్తామంటున్నారు. అందుకని."

నేను ఫోను తీసి ఆర్సీ తెరిచి ఆవిడ చేతికిచ్చాను. అత్తయ్యకి చదవడం రాదు. ఫోను పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, పక్కింటావిణ్ణి కేకేసి, నా ఎదురుగానే ఆ పేరు రెండుసార్లు చదివించుకుంది.