ఎడమకాలు ముందు

నిన్న మధ్యాహ్నం బిజినేపల్లిలో బస్సు ఆగినప్పుడు, ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ చెప్పింది, మా కాలేజీ ఆటల సార్ పోయారని. బస్సు హారన్ కొడుతూనే ఉంది. ఎక్కడానికి నాకు కాలు లేవలేదు.

సార్ సైన్యంలో మంచుకొండల మీద పనిచేసి వచ్చినవారు. చొక్కా జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవర్ ఉండేది. మనాలిలో మంచు ఆటల శిక్షణకు వనపర్తి నుంచి ఒక్క అమ్మాయిని పంపవచ్చంటే నా పేరు రాశారు. తన పాత స్నోబోర్డు, అదే మంచు మీద జారే పలక, తెచ్చి పల్లీల మిల్లు వెనక పొట్టుగుట్ట ఎక్కించారు. వారంలో దాని మీద నిలబడగలిగితేనే ప్రయాణం. "ముందు ఏ కాలు?" అని అడిగితే కుడికాలన్నాను. అట్లాగే పట్టీలు బిగించారు.

పడడం కన్నా, రెండు కాళ్లూ పలకకు కట్టేసి ఉంటాయన్నదే నా భయం. మనిషి తూలితే ఆదుకునేది కాలే కదా. ఆ భయంతోనే పట్టీలు ఇంకా లాగి బిగించుకున్నాను. వేళ్లు తిమ్మిరెక్కాయి. జారిన ప్రతిసారీ పడ్డాను, నోటి నిండా పొట్టు.

"కట్టేది కాలును బిడ్డా, భయాన్ని కాదు," అంటూ సార్ వదులు చేశారు. "మడి చదును చేసే పలక మీద మీ నాయిన ఎట్ల నిలబడ్తడు?"

"కాళ్లు ఎడం పెట్టి, మోకాళ్లు జర వంచి."

"గట్లనే." జేబులోని స్క్రూడ్రైవర్ తీసి పట్టీల మధ్య దూరం పెంచారు. అయినా పడ్డాను.

మూడోనాడు నేనింకా పలక ఎక్కకముందే, చెప్పాపెట్టకుండా వెనక నుంచి తోశారు. ఆపుకోబోతే నా ఎడమకాలు ముందుకు పడింది.

"మరి కుడికాలంటివి?"

"మా అమ్మ ఏ పనికైనా కుడికాలే మంచిదంటది సార్."

"ఇదేమన్న అత్తగారిల్లా?" నవ్వి, "తప్పు నాదే. అడుగుడు కాదు, చూడాలె," అని ఎడమకాలు ముందుండేలా పట్టీలు మార్చారు.

ఆ పూట గుట్ట కిందిదాకా నిలబడే వచ్చాను. భయం మాత్రం పోలేదన్నాను. "పోతే నేనే పంపను," అన్నారు.

మనాలికి తోడు వచ్చారు. వాలు పైనుంచి చూస్తే కింద చీమంత సార్. ధైర్యమంతా ఆయన దగ్గరే ఉందనుకుని, ఎడమకాలు ముందుపెట్టి జారాను. దగ్గరికొచ్చి ఆగాక చూస్తే, ఆయన రెండు చేతులూ చాచి, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నారు.

"సార్, వచ్చేసిన."

"నిలబడే ఉన్నవా బిడ్డా?" అని అడిగారు, కళ్లు తెరవకుండానే.