ఆ పనిలో ముసలైనవాళ్ళు

నా చిన్నప్పుడు చేతుల మీద మామిడి సొన కాలిన మచ్చలుంటే గొప్ప. పనికి పోయే మనిషని అర్థం. వచ్చే జూన్‌లో బడిలో వేస్తానని మా అమ్మ అంటుంటే, నేను మాత్రం కాయల పనికే వస్తానని మా మేనత్త వెంటపడ్డాను. ఆవిడ నూజివీడులో ఒక షావుకారు గోదాములో గడ్డి పరిచి బుట్టల్లో కాయలు సర్దేది.

ఒకరోజు నన్ను వెంట తీసుకెళ్ళింది. కాయలు చూపిస్తుందనుకున్నాను, మనుషుల్ని చూపించింది. "ఏ పనిలోకి పోవాలన్నా ముందు అందులో ముసలైపోయినోళ్ళని చూడవే. కుర్రోళ్ళని చూస్తే ఏ పనైనా బానే ఉంటది" అంది.

తోటలో కాయ కోసే పెద్దాయన చెట్టెక్కడం ఎప్పుడో మానేశాడు. కొమ్మ విరిగి పడ్డప్పుడు దెబ్బతిన్న కాలు ఈడ్చుకుంటూ కింద రాలినవి ఏరుతున్నాడు. గోదాములో బుట్టలు మోసే ఆయన మెడ ఒక పక్కకు ఒరిగి అలాగే ఉండిపోయింది. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. గుమాస్తా ఒక్కడే నెరిసిన తలతో, తెల్లచొక్కాతో కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"నేను ఆ పని చేస్తా" అన్నాను.

అత్త పకపకా నవ్వింది. "అబ్బో, దొరసాని! దానికి చదువు కావాలమ్మా."

"మరి నీ పనిలో ముసలోళ్ళేరత్తా?"

నవ్వు ఆగిపోయింది. "నన్ను చూడవే" అంది. ఆవిడకప్పటికి నలభై కూడా లేవు. రోజంతా గొంతుక్కూర్చుని చేసే పని. లేవడానికి నా భుజం పట్టుకుంది.

ఇంటికి రాగానే బడికి పోతానన్నాను. బడులు తెరిచేలోగా తమ్ముడు పుట్టాడు. వాణ్ణి ఎత్తుకోవడానికి నన్ను ఇంట్లో ఉంచారు. తర్వాత చెల్లెలు. ఆ తర్వాత నేరుగా గోదామే. అన్నీ తెలిసే వెళ్ళాను. తెలిసినందువల్ల మోకాళ్ళేం తక్కువ అరగలేదు. నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు వచ్చాయి. అప్పటికి నన్ను కూర్చోబెట్టే కుర్చీ ఎక్కడుంది?

నా మనవడు కంప్యూటర్ చదువు చదివి ఉద్యోగం చేశాడు. ఈమధ్య తీసేశారు. కొత్త కోర్సేదో నేర్చుకుంటే మంచి భవిష్యత్తు ఉందట, ఫోనులో చూపించాడు. నాకు తెలిసింది ఒక్కటే కాబట్టి అదే అడిగాను, ఆ పనిలో ముసలైనవాళ్ళను చూపించరా అని.

చాలాసేపు ఫోను తిప్పాడు. "ఇది మొన్న పుట్టిన పని అమ్మమ్మా. పాత పనిలోనేమో ముసలయ్యేదాకా ఎవర్నీ ఉంచరు" అన్నాడు. అన్నం తినమన్నాను.

ఇప్పటికీ బస్సెక్కినా, బ్యాంకుకు పోయినా నా కళ్ళు ముందు ముసలివాళ్ళనే వెతుకుతాయి. ఇదివరకు వాళ్ళ మెడలూ మోకాళ్ళూ చూసేదాన్ని. ఇప్పుడు అవీ చూడను. ఒక్కరు కనిపిస్తే చాలు, ఈ పని మనిషిని ఇంతకాలం ఉండనిచ్చిందే అనుకుంటాను.