మస్తానయ్య కోసిన డబ్బా

ఆత్మకూరు, ఉదయగిరి మధ్య ఎవరు కారు కొనాలన్నా ముందు మస్తానయ్య ఊ అనాలి. ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు మీద ఆయన షెడ్డు. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని బండి రోగం చెప్పేసేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్క బండినీ చేతకాదని తిప్పి పంపలేదు. ఆ మాట పదిమందికీ తనే చెప్పుకునేవాడు. అదే కొంప ముంచింది.

పొద్దున్నే ఆ షెడ్డు ముందు కార్ల పిచ్చోళ్లు చేరతారు. సొంత కారు ఒక్కడికీ లేదు. వాదనకు దిగితే మాత్రం అందరూ కంపెనీ ఓనర్లే. ఆ రోజు టీచర్ సురేంద్రబాబు ఫోన్‌లో ఒక కార్ల కంపెనీ వార్త చూసి అందుకున్నాడు.

"ఈ నెల కూడా అమ్మకాలు పడిపోయినాయి. రిపేరుకు లొంగని బండి ఎవడు కొంటాడు? నెల్లూరు షోరూం కూడా ఎత్తేసినారు."

రిటైరైన బస్సు డ్రైవర్ అంకారావు ఆ కంపెనీకి వీరభక్తుడు. "వాళ్ల పాత మోడల్ చూసినావా? పానా, సుత్తి ఉంటే నడిరోడ్డులో బాగుచేసుకోవచ్చు."

"కొత్తది చూడు మరి. అదిగో, మూలన పడి ఉండాది!"

ఆ తెల్లకారు ఉదయగిరి పెంచలప్రసాద్‌ది. మస్తానయ్య మాట మీద గొర్రెల మందంతా అమ్మి కొన్నాడు. ఏడాది పాటు రోగుల్ని నెల్లూరు ఆసుపత్రులకు తిప్పుకుంటూ బతికాడు. నాలుగు నెలల కింద బండి స్టార్ట్ కాకపోతే ఇక్కడికి లాక్కొచ్చాడు.

చడీచప్పుడు లేని ఇంజన్ దగ్గర స్క్రూడ్రైవర్‌కు ఏం వినబడుతుంది? షోరూం అప్పటికింకా తెరిచే ఉంది. అక్కడికి ఫోన్ చేద్దామన్నాడు ప్రసాద్. మస్తానయ్యకు రోషం వచ్చింది. ప్రసాద్ టీకి వెళ్లగానే, పాత వైపర్ మోటార్లు విప్పే పద్ధతిలోనే బ్లేడు కాల్చి, ఇంజన్‌ను నడిపించే, సీలు వేసిన కంప్యూటర్ డబ్బాను కోశాడు. లోపల ఏదో చిటుక్కుమంది. జిగురు పెట్టి అతికించాడు. ఆ తర్వాత బానెట్ అడుగున చెయ్యి పెడితే ఎలుక కొరికిన వైరు తగిలింది. పది నిమిషాల పని! వైరు కలిపినా బండి లేవలేదు. డబ్బా అప్పటికే చచ్చింది.

"డబ్బా పోయిందిరా," అని మాత్రం చెప్పాడు. ఆ మోడల్ ఆపేశామని, కొత్త డబ్బా ఎప్పుడొస్తుందో తెలీదని కంపెనీ అంది. అందరూ కంపెనీని తిట్టారు. మస్తానయ్య కూడా గొంతు కలిపాడు. సిగ్గుమాలిన పని.

ఈ రోజు షెడ్డు ముందు వాదన నడుస్తుండగానే ప్రసాద్ ట్రాక్టర్ తీసుకుని వచ్చాడు, కారును తుక్కుకు వేయడానికి. మనిషి సగమయ్యాడు. వరికుంటపాడులో ఎవరివో గొర్రెలు మేపడానికి కుదిరాడట.

"నువ్వే ఏదో కెలికుంటావురా," అన్నాడు అంకారావు.

"నేను బానెట్ కూడా ఎత్తలేదు. మస్తానన్న తప్ప ఎవరూ చెయ్యి పెట్టలా. ఆయనకే లొంగలేదంటే కంపెనీదే దొంగ సరుకు!"

నిజం చెప్తే ఇక మస్తానయ్య షెడ్డు గడప ఎవరూ తొక్కరు. చెప్పకపోతే అన్నం దిగదు. ట్రాక్టర్‌కు తాడు బిగించేదాకా చూసి, ప్రసాద్ దగ్గరికి వెళ్లాడు.

"ప్రసాదూ..."

ప్రసాద్ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "నువ్వు బాధపడబాకన్నా. నీ చేతనైనంత చేసినావు. ఎప్పటికన్నా మళ్లీ బండి కొంటే నిన్ను అడిగే కొంటా."

చెప్పడానికి అదే ఆఖరి అదను.

"అట్లాగేరా," అన్నాడు మస్తానయ్య.