తెర కుడి మూల

ఆసుపత్రి పరీక్షశాలలో రిపోర్టులు టైపు చేసే ఆమెను పెద్ద డాక్టరమ్మతో సహా అందరూ అక్కయ్య అనే పిలిచేవారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆమె మీద వచ్చిన ఫిర్యాదు ఒక్కటే: ఆమె కంప్యూటరు తెర. ఇసుక వేస్తే రాలనంతగా దాని మీద ఫైళ్ళు, మొత్తం నాలుగువందల పన్నెండు. పొద్దున సిస్టం తెరిస్తే తెరమీది సరుకంతా, మైక్రోస్కోపు ఫొటోలతో సహా, ఆసుపత్రి సర్వరు నుంచి మళ్ళీ కాపీ అయ్యేది. ఆ తరవాత ఒక్కొక్క గుర్తే పొడచూపేది. అంతా అయ్యేసరికి పదకొండు నిమిషాలు.

"అక్కా, నీ సిస్టం లేచేలోపు నేను పెళ్ళి చేసుకుని పిల్లల్ని కూడా కనేస్తా" అనేవాడు సిస్టం మెకానిక్.

"ముందు సంబంధం కుదరనీయరా అబ్బాయ్."

ఆమె మొండితనానికి కారణం లేకపోలేదు. చాలా ఏళ్ళ క్రితం ఒక రిపోర్టు ఫోల్డరులోని ఫోల్డరులో చిక్కుకుని నలభై రోజులు కనిపించలేదు. అప్పటినుంచి కంటికెదురుగా ఉన్నదే ఆమె లెక్కలో ఉన్నట్టు. డాక్టరమ్మ ఏ స్లైడు గురించైనా "దీన్ని రెండోసారి చూడాలి" అంటే, మొదటి అభిప్రాయంతో టైపు చేసిన ఆ రిపోర్టును తెర కుడి దిగువ మూలకు లాగి ఉంచేది. మూలలో ఉన్నది గడప దాటదు. మిగిలినవి సాయంత్రం ఐదింటికి కౌంటరుకు వెళతాయి. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. డాక్టరమ్మకూ, అక్కయ్యకూ, రిపోర్టులు అచ్చుతీసి పంచే కౌంటరు వదినకూ మాత్రం తెలుసు.

గురువారం మధ్యాహ్నం అక్కయ్య పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టి వెళ్ళింది. అప్పటికి మూలలో నాలుగు రిపోర్టులున్నాయి.

శుక్రవారం ఉదయం సిస్టం నలభై సెకన్లలో తెరుచుకుంది. నీలిరంగు తెర, నడుమ 'పాతవి' అని ఒకే ఒక ఫోల్డరు. లోపల అన్నీ అక్షరక్రమంలో బారులు తీరి ఉన్నాయి.

"ఆఫీసువాళ్ళు పోరితే నిన్న నువ్వెళ్ళగానే కూర్చుని సర్దేశా. చూశావా అక్కా, గుర్రమే!" అన్నాడు మెకానిక్.

"మూలవి ఏవిరా?"

"ఏ మూల?"

అక్కయ్య కౌంటరుకు పరుగెత్తింది. "వదినా, నిన్న ఏవేవి పంపావు?"

"ఆ కొత్త ఫోల్డరులో ఇంకా పంపనివన్నీ పంపేశా. మూల ఖాళీగా ఉంది కదా, డాక్టరమ్మ చూసేసిందనుకున్నా." అక్కయ్య ముఖం చూసి వదిన గొంతు తగ్గించింది. "చూడలేదా?"

మూడు పేర్లు అక్కయ్యకు గుర్తున్నాయి. ఆ ముగ్గురికీ పదిగంటలలోపే ఫోను చేసి కాగితాలు వెనక్కి తెప్పించారు. నాలుగో పేరు మాత్రం ఎంత తలబద్దలు కొట్టుకున్నా రాలేదు. రోజూ ఆ పదకొండు నిమిషాలూ చేతులు కట్టుకుని కూర్చుని, మూలలో పేర్లు ఒక్కొక్కటే తేలడం చూసేది. గుర్తుపెట్టుకోవలసిన అవసరం ఏనాడూ పడలేదు.

"నిన్న వెళ్ళిన రిపోర్టులే నలభై ఏడు, ఒక్కోదానికి ఒక్కో స్లైడు. నాకు మాత్రం ఎలా గుర్తుంటుంది అక్కయ్యా?" డాక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. "మూడు పోగా మిగిలినవన్నీ తీయండి."

నలభై నాలుగు స్లైడ్లు. శుక్రవారం పొద్దుగూకేలోపు ఇరవై ఆరు అయ్యాయి. మెకానిక్ ఆ రోజు జోకు వేయలేదు. తలుపు దగ్గర నిలబడి, "నాకెవరూ చెప్పలేదక్కా" అన్నాడు.

"చెప్పలేదురా. రాసైనా పెట్టలేదు" అంది అక్కయ్య.

శనివారం పదకొండు గంటల వేళ, ముప్పై తొమ్మిదో స్లైడు దగ్గర డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. చాలాసేపు కన్ను తీయలేదు. "ఇదే. నా అనుమానం నిజమైంది."

ముప్పైనాలుగేళ్ళ ఆడమనిషి, వృత్తి బట్టలు కుట్టడం. గురువారం సాయంత్రం ఆమె చేతికి వెళ్ళిన కాగితంలో, ప్రమాదకరమైన కణాలేవీ కనిపించలేదని ఉంది.

"నేను మాట్లాడతాను" అంది డాక్టరమ్మ.

"వద్దు మేడమ్. మూల నాది. నేనే మాట్లాడతాను."

నాలుగు మోతలకు ఫోను ఎత్తారు. వెనక కుట్టుమిషను గడగడలాడుతోంది. ఆసుపత్రి అనగానే అవతలి గొంతు నవ్వింది. "మీరా అమ్మా! మొన్న ఆ కాగితం చూసి మా అత్తగారు చంటిపిల్లలా ఏడ్చేసింది. నెల రోజులుగా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదనుకోండి. మీ చేతి చలవ! చెప్పండి, ఏమిటి?"

అక్కయ్య నాలుక పన్ను ఊడిన సందులోకి వెళ్ళింది. ఉప్పగా ఉంది.

"మీరు సోమవారం ఒకసారి రావాలమ్మా. ఇంట్లోవాళ్ళనెవరినైనా వెంటబెట్టుకుని."

కుట్టుమిషను ఆగిపోయింది.

"కాగితంలో ఏమైనా తప్పుందా అండీ?"

"ఉందమ్మా" అంది అక్కయ్య. "తప్పు మాదే."