రెండక్షరాల కింద జిగురు

పదమూడేళ్ళుగా ఒక అబద్ధం నాతో ఉంటోంది. బరువు అని రాయబోయి ఆగాను. నిజంగా బరువేనా? ఈ పదమూడేళ్ళలో నేను పెళ్ళి చేసుకున్నాను, ద్వారకా నగర్‌లో మగ్గం వర్క్ షాపు పెట్టుకున్నాను, వేళకి తిన్నాను, నిద్రకీ పెద్దగా లోటు లేదు. బరువు మోసేవాళ్ళు అంత నిక్షేపంగా ఉంటారా? అయినా బరువనే అంటాను. పెళ్ళికూతుళ్ళ జాకెట్ల మీద నేను కుట్టిన పేర్లు చూసి, ఈ అక్షరాలు ఎవరి దగ్గర నేర్చుకున్నారని ఎవరడిగినా, వినబడనట్టు కొలతల పుస్తకం తెరుస్తాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నాను. నన్ను నేను పెద్ద పాపిగా చూపించుకోవాలన్న ఉబలాటం లేదు. దాంట్లోనూ ఒక గొప్ప ఉంటుంది. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

నాకు పని నేర్పింది వన్‌టౌన్‌లో ఉండే ఒక ముస్లిం పెద్దావిడ. ఖాలా అని పిలిచేదాన్ని, అంటే పిన్ని. భర్త లేడు. కూతురు పెళ్ళై తగరపువలసలో ఉండేది. ముందుగదిని మొత్తం మగ్గమే ఆక్రమించేది: నాలుగు కర్రల చట్రం, దానికి బిగించిన గుడ్డ, పక్కన మేము కూర్చునే చాప. మగ్గం మీద పువ్వులూ నెమళ్ళూ కుట్టేవాళ్ళు ఊళ్ళో వీధికొకరున్నారు. జర్దోసీ తీగతో అక్షరాలు కుట్టేది మాత్రం నాకు తెలిసి ఆవిడొక్కర్తే. దర్గా చాదర్ల మీద అరబీ అక్షరాలు, పెళ్ళి అడ్డుతెరల మీద తెలుగు పేర్లు. తెలుగు చదవడం రాదు. కాగితం మీద గీసిస్తే చాలు, డిగ్రీ చదివిన నాకంటే ఆ వంపులు ఆవిడకే బాగా తెలిసేవి.

జర్దోసీ అంటే సన్నటి స్ప్రింగులా చుట్టిన బంగారు రంగు తీగ. దాన్ని చిన్న ముక్కలుగా కోసి, పూసల్లా సూదికి ఎక్కించి, పక్కపక్కనే పేర్చి కుడతారు. అక్షరం ఉబ్బెత్తుగా నిలబడాలంటే తీగ కింద నూలు తాడు వరసలు వరసలుగా కుట్టాలి. ఆ కింది పనిని ప్యాడింగు అంటాం. అది నేర్చుకునేవాళ్ళ పని. పైన తీగ వెయ్యడం గురువు పని. ఎనిమిది నెలలు నేను ప్యాడింగే కుట్టాను, తీగ ముట్టనివ్వలేదు. ఆ ఇంట్లో రెండే కట్టుబాట్లు. సబ్బుతో చేతులు కడుక్కోకుండా మగ్గం దగ్గర కూర్చోకూడదు. జిగురు గుమ్మం దాటి లోపలికి రాకూడదు, తగిలితే తీగ నల్లబడుతుంది. పోర్టు బొగ్గు దుమ్ము పడకుండా కిటికీకి తడి దుప్పటి కట్టేది ఆవిడ. నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని.

ఇంకొక్కటి చెప్పాలి. ఖాలా కళ్ళకి నీటికాసులు, అంటే గ్లాకోమా. రోజూ చుక్కల మందు వేసుకోవాలి, మానకూడదు. సీసా కిటికీ గూట్లో ఉండేది.

అప్పట్లో మా చర్చి స్త్రీల సమాజానికి మా అమ్మ కార్యదర్శి. ఈస్టరుకి పాస్టరు ప్రసంగించే పుల్‌పిట్ మీద పరచడానికి మెరూన్ వెల్వెట్ గుడ్డ, దాని మీద 'హల్లెలూయ' అని బంగారు అక్షరాలు కావాలనుకున్నారు. మా అమ్మాయి నేర్చుకుంటున్న చోటే ఇద్దామని అమ్మ అందరి ముందూ అంది. నాలుగక్షరాలు, ఒక్కోటి జానెడు. మొదటి రెండింటికీ ప్యాడింగు పద్ధతిగానే కుట్టాను, ఆరు రోజులు పట్టింది. మూడోదానికి వచ్చేసరికి విసుగు పుట్టింది. కింద ఉండేదాన్ని ఎవరు చూస్తారు? మెరిసేది ఆవిడ పని, మెచ్చుకునేదీ ఆవిడనే. అప్పుడు నిజంగా ఇలాగే అనుకున్నానా, లేక ఇప్పుడు కారణం కల్పించుకుంటున్నానా? విసుగు మాత్రం కల్పన కాదు. ఖాలా తాళం నాకిచ్చి కూతురింటికి వెళ్ళిన రోజున, రుషికొండలో స్నేహితురాళ్ళు ఎదురు చూస్తుంటే, చివరి రెండక్షరాలకీ తాడుని జిగురుతో అంటించేశాను. పైపైన నాలుగు కుట్లు వేశాను. మధ్యాహ్నానికల్లా బీచిలో ఉన్నాను.

మర్నాడు తీగ వేస్తూ, ఈ రెండూ గట్టిగా ఉన్నాయేమిటని ఖాలా అడిగింది. కొత్త తాడన్నాను. నమ్మింది.

ఈస్టరు బాగా జరిగింది. అమ్మ కొత్త చీరలో వెలిగిపోయింది. అయిదారు వారాలకి గుడ్డ మా ఇంటికి తిరిగొచ్చింది. ముసలావిడకి కళ్ళు కనబడక నాసి తీగ వేసేసిందని సమాజంలో అనుకుంటున్నారని అమ్మ చెప్పింది. మడత విప్పి చూశాను. మొదటి రెండక్షరాలూ ధగధగలాడుతున్నాయి. చివరి రెండూ అంచుల నుంచి మసిపట్టి ఉన్నాయి. అనుమానపడాల్సిన పనే లేకపోయింది. చూడగానే జిగురేనని తెలిసిపోయింది. ఆ మాట అమ్మకి చెప్పలేదు. గుడ్డ పట్టుకుని ఖాలా దగ్గరకి వెళ్ళాను.

ఆవిడ దాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చాలాసేపు చూసింది.

"ఏటి బేటీ ఇది? నలభయ్యేళ్ళ బట్టీ కుడతన్నాను. నాను ఏసిన తీగ ఎప్పుడూ ఇలాగ నల్లబడనేదు."

నేను గుడ్డ రెండో అంచు పట్టుకున్నాను.

"లోపల నువ్వేటైనా ఎట్టినావా? సెప్పమ్మా. నానేటీ అనను."

అనదు కూడా. నాకు తెలుసు. మళ్ళీ కుట్టించేది, ఇంకో ఎనిమిది నెలలు ప్యాడింగు మీదే కూర్చోబెట్టేది. కానీ అమ్మకి తెలుస్తుంది, సమాజానికి తెలుస్తుంది. కిటికీ గూట్లో మందు సీసా కనబడింది.

"నానేటెడతాను ఖాలా? మీరు కళ్ళల్లో మందేసుకుంటన్నారు కదా. ఆ చేత్తోనే తీగ ముట్టుకుంటే నల్లబడదేటి?"

"సబ్బెట్టి కడుగుతన్నాను కదే."

"మందు సబ్బుకి పోద్దేటి? గోళ్ళల్లో ఉండిపోద్ది."

ఖాలా తన వేళ్ళు తిప్పి తిప్పి చూసుకుంది. గోళ్ళు చూసుకుంది. తర్వాత, "అంతే అయ్యుంటాది బేటీ. మీ అమ్మకి నా మాటగా సెప్పు, తప్పు నాదేనని," అంది.

చెప్పాను. ఆ మాట కూడా అమ్మకి మోసుకెళ్ళి చెప్పాను.

ఆ రెండక్షరాలూ నేనే విప్పుతాను, మీ కళ్ళకెందుకు శ్రమ అన్నాను. ఎంత మంచి పిల్లనో చూడండి. గుడ్డ ఇంటికి తెచ్చుకుని, జిగురంతా గీకి, ఈసారి ఒక్క కుట్టూ తప్పకుండా తాడు కుట్టి ఇచ్చాను. ఖాలా మళ్ళీ తీగ వేసింది. ఆ పని నడిచినన్నాళ్ళూ చుక్కల మందు ముట్టుకోలేదు. అక్షరాలు నల్లబడలేదు. జిగురు లేదు కాబట్టి నల్లబడలేదు. కానీ ఆవిడకి తెలిసిందల్లా మందు మానేసింది, తీగ మెరుస్తోంది. నేను చెప్పిన అబద్ధానికి ఆవిడ చేతి పనే రుజువైంది. ఆ తర్వాత ఆవిడ ఆ మందు ఇంక వేసుకోలేదు.

ఆ ఒక్క మాటే అయితే బహుశా మీకిలా రాసేదాన్ని కాదు. భయంతో నోరు జారిందని సరిపెట్టుకునేదాన్ని. ఆ మాట తర్వాత ఏడు నెలలున్నాయి. ఆ ఏడు నెలలూ రోజూ వెళ్ళాను. తీగ వెయ్యడం నేర్చుకున్నది అప్పుడే. కూతురు తెచ్చిపెట్టిన కొత్త సీసా గూట్లోనే ఉండేది, మూత సీలు తియ్యకుండా. నేను రోజూ దాన్ని చూసేదాన్ని. వేసుకోండి ఖాలా, పర్వాలేదు అని ఎందుకు అనలేకపోయాను? అంటే, మరి అప్పుడు ఎందుకు నల్లబడిందని అడుగుతుంది. కడుక్కుంటే చాలనైనా అనొచ్చు కదా? సబ్బుకి పోదని చెప్పింది నేనే. ఆవిడ కూతురి చెవిన వెయ్యొచ్చు. అదీ చెయ్యలేదు. రేపు చెబుదామనుకున్న రోజులు కొన్ని ఉన్నాయి. నిజం చెప్పాలంటే, అనుకోని రోజులే ఎక్కువ. నా చేతుల్లో తీగ మెరుస్తుంటే నాకు సంతోషంగా ఉండేది.

నీటికాసులు నొప్పి పెట్టవు. పక్కల నుంచి చూపుని నెమ్మదిగా తినేస్తాయి. వానలు వెళ్ళేసరికి ఖాలా పక్కనే ఉన్న టీ గ్లాసు తన్నేయడం మొదలైంది. తర్వాత కత్తెర కోసం చాపంతా తడిమేది. కూతురొచ్చి కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళింది. పోయిన చూపు తిరిగి రాదన్నారు. ఆ సాయంత్రం కూతురు సీలు తియ్యని సీసా చేత్తో పట్టుకుని ఏడుస్తూ, ఎందుకు మానేశావమ్మా అని అడిగింది. ఖాలా నా వైపు తిరగలేదు. "మరిసిపోతన్నానే," అంది. తన పని నల్లబడిందన్న సంగతి కూతురికి కూడా చెప్పుకోలేనంత సిగ్గు ఆవిడకి. నేను మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. కింద పడ్డ తీగ ముక్కలు ఏరి డబ్బాలో వేశాను.

మగ్గం విప్పేశారు. ఖాలాని తగరపువలస తీసుకెళ్ళిపోయారు. కర్రలూ, సూదులూ, మిగిలిన తీగా నాకే ఇమ్మని ఆవిడే చెప్పిందట. వాటితోనే నా షాపు మొదలైంది.

నా దగ్గర ఆరుగురు ఆడపిల్లలు పని చేస్తారు. జిగురు ముట్టుకుంటే పనిలోంచి తీసేస్తాను. మేడమ్‌కి పనంటే అంత నిష్ఠ అని వాళ్ళు అనుకుంటారు. అనుకోనిస్తాను.

ఖాలా బతికే ఉంది. రెండు మూడు నెలలకోసారి వెళ్తాను. పోయిన నెల కూడా వెళ్ళాను. వీధరుగు మీద కూర్చోబెట్టి, నా చెయ్యి వదలకుండా, వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పింది, నా పని ఈ పిల్ల చేతుల్లో ఉందని. చెబుదామనే వెళ్ళాను. టీ తాగి వచ్చేశాను. చెబితే ఆవిడకి ఏం మిగులుతుంది? ఇది ఆవిడ మీద జాలా, లేక ఆ చెయ్యి నన్ను వదిలేస్తుందన్న భయమా? భయమే. జాలి అని రాస్తే మీరు నమ్మేవారేమో.

ఇప్పుడు కూడా చూడండి, ఎక్కడ రాస్తున్నానో. ఆవిడ చదవలేని భాషలో, చూడలేని కాగితం మీద. అది తెలిసే రాస్తున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. కానీ ఎవరో ఒకరికి తెలియాలి. ఖాలా చేతులు ఎప్పుడూ శుభ్రంగానే ఉన్నాయి. జిగురు పెట్టింది నేను.

ఈ మాట ఇంతవరకు ఎక్కడా రాయలేదు, పైకి అనలేదు. ఇప్పుడు రాశాను.